కరెంటు పోయిన కాశీయాత్ర

మా పిన్నికి గంగలో కాళ్ళు పెట్టాలని ఏళ్ళనాటి కోరిక. మా బాబాయికేమో మొవ్వ పొలిమేర దాటాలంటేనే బద్ధకం. ఊడ్పులప్పుడు ఊడ్పులు, కోతలప్పుడు కోతలు, రెండూ లేకపోతే రైల్లో నిద్రపట్టదు. గట్టిగా అడిగితే, "మన కాలవలో పారేది కృష్ణమ్మే కదా, అందులో పెట్టు కాళ్ళు" అనేవాడు.

నేను బందరులో డిగ్రీ చదువుతున్న రోజులవి. ఊళ్ళో ఎటు చూసినా ఇంటర్నెట్ సెంటర్లే. కంప్యూటర్లో కాశీ చూడొచ్చని, మౌస్ తిప్పితే ఘాట్లన్నీ చుట్టూ తిరుగుతాయని ఒకసారి మాటల్లో బాబాయితో అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

నా పరీక్షలు అయిపోగానే, "కాశీ చూపిస్తాను పద" అంటూ పిన్నిని బస్సెక్కించి బందరు తీసుకొచ్చాడు. ఆవిడ పట్టుచీర కట్టుకుని, పొట్లంలో పూలు పెట్టుకుని వచ్చింది. సెంటరు గుమ్మానికి 'చెప్పులు బయట విడువవలెను' అని బోర్డు ఉంది. అది చదివాక ఆవిడకి కాస్త నమ్మకం కుదిరింది.

అప్పట్లో బొమ్మ పైనుంచి కిందికి అంగుళం అంగుళంగా వచ్చేది. ముందు ఆకాశం వచ్చింది. పిన్ని దానికే దణ్ణం పెట్టేసింది. చాలాసేపటికి గుడి శిఖరాలు, ఆ తర్వాత మెట్లు.

"గంగేదే?" అంది.

"కింద ఉంది పిన్నీ, వస్తోంది" అన్నాను.

నీళ్ళు వచ్చేలోగా కరెంటు పోయింది.

"దర్శనం అయిపోయింది" అంటూ బాబాయి లేచాడు. దారిలో బందరు లడ్డూలు కొని, మొవ్వ వెళ్ళగానే కాశీ ప్రసాదమని వీధంతా పంచాడు. సెలవులు కదా అని నేనూ వాళ్ళతోనే వెళ్ళాను.

మర్నాడు బాబాయి విస్తట్లో బీరకాయ కూర పడింది. ఆయనకి ప్రాణమైన వంకాయ లేదు. మామిడి రసాలు నాకూ, తనకూ మాత్రమే వడ్డించింది.

"కాశీకి వెళ్ళొచ్చారు కదండీ. ఇష్టమైన కాయొకటి, పండొకటి వదిలెయ్యాలి. మీకు గుర్తుండదని మీ బదులు నేనే వదిలేశాను" అంది పిన్ని.

"మరి నువ్వు తింటున్నావేం?"

"దర్శనం అయిపోయిందన్నది మీరు. నాకింకా గంగ కనపడలేదు."

అది కంప్యూటరు కాశీయేనని, లెక్కలోకి రాదని ఒక్క మాటంటే చాలు, పండు చేతికొచ్చేది. కానీ వీధంతా ప్రసాదం తిన్నాక ఆ మాట ఎలా అంటాడు? ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిన్ని రోజూ ఆయన ఎదురుగా కూర్చుని రసాలు జుర్రుకుని తినేది. నేనూ యథాశక్తి సాయం చేశాను.

వారం తిరక్కుండానే బాబాయి నన్ను పెరట్లోకి పిలిచి, కాశీకి ఏ రైలు వెళ్తుందో కనుక్కోమన్నాడు. టికెట్లు చేతికొచ్చిన పూట ఆయన తిన్న పళ్ళు నేను లెక్కపెట్టలేదు. అసలు కాశీలో మాత్రం తనకి ఎన్నడూ గిట్టని కాకరకాయని వదిలేసి వచ్చాడు.

పిన్ని తిరిగొచ్చిందని తెలిసి ఆత్రంగా వెళ్ళాను. గంగ ఎలా ఉందని అడిగాను.

"ఈసారి నీళ్ళు కూడా వచ్చాయే. మోకాళ్ళదాకా" అంది.