అయిలయ్య నౌక బయట ఉన్న రాత్రి

ఇలాంటివి చెప్పేటప్పుడు కన్నతండ్రి మీద ఒట్టు వేస్తారు. నేను వేయలేను. ఎందుకంటే ఇది ఆయన గురించే. కాబట్టి నా రెండు చేతుల మీద ఒట్టు... ఈ చేతులతో పట్టుకున్నదే చెబుతున్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. నాకే సగం నమ్మకం లేదు, మిమ్మల్ని బతిమాలేది ఏముంది?

ముందు మా ఆట సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది తలా తోకా లేకుండా ఉంటుంది.

హనుమకొండలో నాకో జిరాక్సు షాపు ఉంది. నా దోస్తు రమేష్, అతని భార్య కవిత, నేను... ప్రతి శనివారం రాత్రి వాళ్ల మేడ మీది గదిలో కూర్చుని ఆడతాం. నవ్వకండి, నలభై దగ్గర పడుతున్నవాళ్లమే. బల్ల, కాగితాలు, రెండు పాచికలు. అంతే సామాను. అంతరిక్ష నౌకల ఆట. రమేష్ కథ నడుపుతాడు. మేమిద్దరం ఆ కథలో మనుషులం. "తలుపు తీస్తున్నా" అని నేనంటే, అది తెరుచుకుందా లేదా అన్నది పాచికలు చెబుతాయి. రెండూ కలిపి ఎనిమిది, ఆపైన పడితే పని అయినట్టు. తక్కువ పడితే కానట్టు.

మా దగ్గర ఉన్నది నిబంధనల పుస్తకం ఒక్కటే. నౌక ఎంత వేగంగా పోతుంది, గాలి అయిపోతే మనిషి ఎంతసేపు బతుకుతాడు, అన్నీ ఉన్నాయి అందులో. లోకం మాత్రం లేదు. గ్రహాలు, ఊళ్లు, మనుషులు వేరే పుస్తకాల్లో వస్తాయట. "వాళ్ల లోకం మనకెందుకురా? మనకు ఊరు లేదా?" అన్నాడు రమేష్. అలా మా ఆకాశంలో కాజీపేట జంక్షన్ అయింది. ఏ నౌకైనా అక్కడే దారి మారాలి. ధర్మసాగర్ నీళ్ల గ్రహం. స్టేషన్ ఘన్‌పూర్‌కు పేరు మార్చే పని కూడా పడలేదు, స్టేషన్‌ను స్టేషన్‌లాగే పైకి ఎక్కించాం.

మనుషులకు పేర్లు కావలసి వచ్చినప్పుడు నేనొక పని చేశాను. నౌకలో ఇంజను చూసుకునే ముసలాయనకు మా బాపు పేరు పెట్టాను. అయిలయ్య. పేరుతో ఆగి ఉంటే బాగుండేది. ఆయన పొడి దగ్గు, గొణుగుడు, ఏది పాడైనా "ఏందిర గిది, మనిషి చేసిన పనేనా?" అనే తిట్టు, అన్నీ ఇచ్చేశాను. రమేష్ ఆ గొంతు అచ్చం దించేసేవాడు. కవిత పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. ఈ సంగతి బాపుకు తెలియదు. కొత్తవాడలో జంపఖానాలు నేసుకునే మనిషి ఆయన. చెబితే తిట్టి పోసేవాడు.

ఆ శనివారం బాపు దవాఖానలో ఉన్నాడు. మగ్గం మీదే పక్కకు ఒరిగిపోయాడు. మెదడులో రక్తం గడ్డకట్టింది అన్నారు. ఐసీయూ బయట ఒక్కరినే ఉండనిస్తారు. మూడు రాత్రులు నేనే ఉన్నాను. నాలుగో రాత్రి మా బావ వచ్చాడు.

"నువ్వు జర ఇంటికి పోయి పండుకో సీనూ. నీ కండ్లు చూడు ఎట్లున్నయో. నేనున్న గద."

"ఈ రాత్రి గడిస్తె గట్టెక్కినట్టే అన్నడు బావా డాక్టరు."

"గడుస్తది. ఏమన్న అయితె ఫోన్ చేస్త. ఫికర్ చెయ్యకు, పో."

నేను ఇంటికి పోలేదు. ఖాళీ ఇల్లు... మగ్గం మీద సగం నేసిన జంపఖానా... చూడలేననిపించింది. ఆటో ఎక్కి రమేష్ ఇంటికి వెళ్లాను. తండ్రి అక్కడ చావుబతుకుల్లో ఉంటే కొడుకు ఆటకు పోయాడు. ఇప్పుడు తలుచుకున్నా సిగ్గుతో చచ్చిపోతాను.

"ఇయ్యాల ఆట వద్దురా" అన్నాడు రమేష్ నన్ను చూడగానే.

"ఆడుదాం. గంటసేపన్న నా దిమాక్‌ల వేరే ఏదన్న ఉండనీ."

"అయితె ముసలాయన్ను పక్కకు పెడత. పండుకున్నడు అనుకుందాం."

"వద్దు. ఎప్పటిలెక్కనే ఉండనీ" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఎవరినీ అనడానికి లేదు.

బల్ల దగ్గర ఫోన్లు వద్దన్నది మా అలవాటు. ముగ్గురి ఫోన్లూ కింద హాల్లో పెట్టి పైకి వెళ్తాం. ఆ రోజు నా ఫోన్ సౌండు పూర్తిగా పెంచి పెట్టాను. మోగితే పైకి వినపడుతుంది.

తొమ్మిదిన్నర అయి ఉంటుంది. మా నౌక ధర్మసాగర్‌కు చీకటి వైపున ఉంది. దారిలో ఏం ప్రమాదం వస్తుందో చూడడానికి రమేష్ పాచికలు వేశాడు. పుస్తకం తిప్పాడు... ముఖం మాడిపోయింది.

"మళ్ల వేస్త."

"ఏం పడ్డది?"

"ఏం లేదురా..."

నేను పుస్తకం లాక్కున్నాను. నౌక పైపొరలో చీలిక. ఇంజను మనిషి బయటికి వెళ్లి మూయాలి. మూడుసార్లు పాచికలు వేయాలి. బయటికి పోవడానికి ఒకటి. చీలిక మూయడానికి ఒకటి. తిరిగి లోపలికి రావడానికి ఒకటి.

మొదటిసారి తొమ్మిది పడింది. అయిలయ్య నడుముకు తాడు కట్టుకుని బయటికి పోయాడు. రెండోసారి కవిత వేసింది. పది. చీలిక మూసుకుంది. హమ్మయ్య అని పైకే అన్నాను. ఇక మూడోది...

"ఇది నువ్వెయ్యన్నా" అంది కవిత.

వేయలేకపోయాను. ఆట అని తెలుసు. ప్లాస్టిక్ ముక్కలని తెలుసు. అయినా గుప్పిట తెరుచుకోలేదు. "నాతోని కాదు చెల్లే" అని పాచికలను బల్ల మధ్యలో పక్కపక్కనే పెట్టాను. బాగా గుర్తు.

అప్పుడు కరెంటు పోయింది.

అందులో వింతేమీ లేదు, పోతుంటుంది. "కదలకుండ్రి, సెల్లు తెస్త" అంటూ రమేష్ లేచాడు. మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు... టప్... టప్... తర్వాత అదీ లేదు. చీకట్లో నేను. బల్లకు అవతల కవిత. ఫ్యాను నెమ్మదిగా తిరిగి తిరిగి ఆగింది.

టక్... టకటక... టక్.

పాచికలు దొర్లిన చప్పుడు. రెండేళ్లుగా వింటున్నాను, ఆ మాత్రం పోల్చుకోలేనా?

"చెల్లే... నువ్వా?"

"నేను కాదన్నా. నువ్వు కాదా?"

అంతలో దగ్గు. పొడి దగ్గు. రెండుసార్లు. నా ఎడమవైపు నుంచి... ఎడమవైపు కిటికీ తప్ప ఏమీ లేదు. మేడ మీది కిటికీ. తర్వాత చాలా మెల్లగా...

"సీనూ... పట్టుకో బిడ్డా."

చేతులు చాచాను. చేతుల్లోకి ఏదో వచ్చింది.

తాడు కాదు. నూలు. వందల పోగులు, ఒక్క కట్టగా... చల్లగా... కొంచెం తడిగా. గంజి వాసన. చిన్నప్పుడు బాపు పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగుల కొసను నాకిచ్చి, వాకిలి అవతలి నుంచి బిగించేవాడు. అప్పుడు అరచేతుల్లో ఒక బరువు తెలిసేది. అదే బరువు. అటువైపు నుంచి ఎవరో లాగుతున్నారు. గట్టిగా కాదు. మెల్లగా... ఆగకుండా. నా కుర్చీ నేల మీద కిర్రుమంటూ కిటికీ వైపు జరిగింది. కాళ్లు గోడకు తన్నిపెట్టి నేనూ గుంజాను. ఎంతసేపో తెలియదు. "బాపూ రా, లోపలికి రా" అని ఏడుస్తున్నానట, కవిత చెప్పింది. ఉన్నట్టుండి అటు బరువు వదిలేసింది.

లైటు వచ్చింది.

చేతుల్లో ఏమీ లేదు. నేను బల్లకు దూరంగా, కిటికీ కింద ఉన్నాను. పాచికలు నేల మీద ఉన్నాయి. ఎంత పడిందో నేను చూసేలోపే కవిత వాటిని తీసి డబ్బాలో వేసి మూత పెట్టేసింది. ఎందుకలా చేశావంటే, "చూడొద్దనిపించిందన్నా" అంటుంది. ఇప్పటికీ అదే మాట.

రమేష్ పరుగెత్తుకుంటూ పైకి వచ్చాడు. అతని చేతిలో నా ఫోన్ మోగుతోంది. బావ.

"సీనూ... ఇప్పుడే మామ గుండె ఆగింది. డాక్టర్లందరు ఉరికొచ్చిండ్రు. మళ్ల కొట్టుకుంటాంది. బతికిండురా!"

తర్వాత రమేష్ అన్నిటికీ లెక్క చెప్పాడు. తను లేచేటప్పుడు బల్లకు కాలు తగిలి పాచికలు దొర్లి ఉంటాయట. దగ్గు పక్కింటిదట. మూడు రాత్రులు నిద్ర లేని మనిషివి, కుర్చీ నువ్వే జరుపుకున్నావు అన్నాడు. కావచ్చు. నేను కాదనడం లేదు. కవిత మాత్రం దగ్గు విన్నానంటుంది. మాట వినలేదంటుంది. ఆ గొంతు నువ్వే చేశావా అని రమేష్‌ను చొక్కా పట్టుకుని అడిగాను. కింద ఉన్నానని పిల్లల మీద ఒట్టు వేశాడు. ఆట ఆపేశాం.

బాపు నెల తర్వాత ఇంటికి వచ్చాడు. కుడి చెయ్యి పడిపోయింది. మగ్గం ఎక్కలేడు. మాట ఒక్కొక్కటే కూడబలుక్కుని వస్తుంది. అన్నం నేనే తినిపిస్తాను. మొన్నొక పొద్దున ఉప్మా పెడుతుంటే నా చేతుల వైపే చూస్తూ ఉన్నాడు. తర్వాత అన్నాడు...

"ఆ రాత్రి... నన్నెందుకు గుంజినవ్‌రా?"

ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పలేదు. రమేష్, కవిత ఈ ఇంటికి రానే లేదు. బావకు ఆట సంగతే తెలియదు.

"నువ్వే పట్టుకొమ్మన్నవ్ గద బాపూ."

నా ముఖంలోకి చూశాడు.

"నేనా?" అన్నాడు. "నేను... ఎవ్వల్ని పిలువలే."

మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేను అడగనూ లేదు. ఆయన పిలవకపోతే ఎవరు పిలిచారు? ఆయనకు రావాలని లేకపోతే నేను చేసింది మంచా, చెడా? అడిగితే ఏం చెబుతాడోనని భయం. అంతే, పిరికితనం. ఇప్పుడు రోజూ తినిపించేటప్పుడు బాగున్న ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుంటున్నాడు. ఆ పట్టు గట్టిగానే ఉంటుంది... కానీ నన్ను దగ్గరికి లాక్కుంటున్నాడో, అవతలికి నెడుతున్నాడో మాత్రం నాకు తెలియడం లేదు.