మేము ఈడ ఉండేవాళ్ళం కాదు

ఆషాఢంలో ఇల్లు మారిన కోడలిగా మా బంధువుల్లో నా పేరు నిలిచిపోయింది. మారింది ఇంటికి కూడా కాదు, పావగడ ఊరి చివర ఒక రేకుల గదికి. తప్పు నాదేనని అందరూ అన్నారు. బ్యాంకుదని నేనన్నాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ రోజుల్లో ఎవరైనా "ఇల్లు యాడిదాకా వచ్చిందమ్మా?" అని పలకరిస్తే మీదపడి కరిచేదాన్ని.

నేను కర్ణాటకలోని ఈ పావగడలో హైస్కూలు టీచర్ని. మా ఆయన సోలార్ పార్కులో కరెంటు పని చూస్తాడు. అప్పట్లో మేమిద్దరం, మా అత్త వల్లూరులో ఉండేవాళ్ళం. శెనక్కాయ వేసే చేనంతా పార్కుకు గుత్తకు ఇచ్చేశాక ఊళ్ళో మాకు మిగిలింది మట్టిమిద్దె ఒకటే. రోజూ బస్సులో నిలబడి వచ్చిపోయి నా కాళ్ళు అరిగిపోయాయని చెప్పి, పావగడలో అమ్మకానికి వచ్చిన చిన్న ఇల్లొకటి చూపించి మా ఆయన్ని ఒప్పించాను. అడ్వాన్సు కోసం వల్లూరు మిద్దెను పక్కింటాయనకు అమ్మాం. ఆయనకు గొడ్లు కట్టుకోవడానికి చోటు కావాలి. మిగతాదానికి బ్యాంకు లోను.

లోను ఇదిగో వస్తుంది అదిగో వస్తుంది అంటుండగానే పక్కింటాయన గొడ్లను తోలుకొచ్చి మా వాకిట్లో నిలబడ్డాడు. కొత్త ఇంటి యజమాని మాత్రం బ్యాంకు డబ్బు చేతిలో పడితే తప్ప తాళం ఇవ్వనన్నాడు. శ్రావణం దాటితే బెంగళూరు పార్టీ ఒకటి కాచుకుని ఉందని కూడా చెప్పాడు. పాత ఇల్లు పోయింది, కొత్త ఇల్లు రాలేదు. లోను రాకపోతే మాకు అసలు ఇల్లే లేదు.

ఆ మిద్దె మా అత్తది. పెళ్ళయి వచ్చిన కొత్తలో మామతో కలిసి తనే మట్టి తొక్కి గోడలు పెట్టింది. అమ్మకం కాగితం మీద వేలిముద్ర వేసేటప్పుడు ఆమె నన్ను ఒక్క మాటే అడిగింది.

"కొత్తిల్లు వస్తాది కదమ్మా?"

"వస్తాదత్తా, యాడికి పోతాది?" అన్నాను.

ఎంత ధైర్యంగా అన్నానో! ఆ తర్వాత బ్యాంకు నుంచి ఫోను మోగినప్పుడల్లా ముందు ఆ మాటే గుర్తొచ్చేది.

సోలార్ పార్కు కట్టేటప్పుడు ఉత్తరాది నుంచి పనివాళ్ళు గుంపులుగా వచ్చారు. వాళ్ళకు బాడుగకు ఇవ్వొచ్చని ఇక్కడ జాగా ఉన్నవాళ్ళంతా వరసగా గదులు లేపేశారు. ప్యానెళ్ళు నిలబెట్టడం అయిపోయాక పనివాళ్ళు వెళ్ళిపోయారు, గదులు మిగిలాయి. అట్లాంటి వరసలో ఒక గది మాకు దొరికింది. గోడ మీద ఎవరో బొగ్గుతో హిందీలో తన ఊరి పేరు రాసి, ఇంటికి ఇటు అన్నట్టుగా పక్కన బాణం గుర్తు వేసుకున్నాడు. ఆ బాణం సరిగ్గా మా పొయ్యి వైపు చూపించేది.

ఆషాఢంలో ఇల్లు మారకూడదన్న చిక్కుకు మా అత్త మొదటి రోజే ఒక ఉపాయం కనిపెట్టింది. అసలు మేం ఇల్లు మారలేదు. బస్టాండులో బస్సు కోసం కూర్చున్నట్టు ఊరికే కూర్చున్నాం, అంతే. బస్టాండులో ఎవరైనా ముగ్గేస్తారా? వేయరు. కాబట్టి మా వాకిట్లో ముగ్గు లేదు. దేవుళ్ళ పటాలు గుడ్డలో మూటగట్టి ట్రంకు పెట్టెలోనే ఉన్నాయి. పాలు పొంగించలేదు. పొంగిస్తే కదా ఇల్లు మనదయ్యేది! పొంగించడం అటుంచి, ఆ గదిలో పాలు కాయడానికే ఆమె ఒప్పుకోలేదు.

"కాస్తా కాస్తా మరిసిపోయి పొంగితే ఏంది గతి?" అనేది.

అందుకని ముగ్గురం పాలు లేని నల్ల టీ తాగాం. పొద్దున్నే పాలు పోసిన టీ కడుపులో పడకపోతే నాకు మనుషులు మనుషుల్లా కనిపించరు. ఆ నెలలో స్కూల్లో నేను ఎవరి మీదైనా అరిచి ఉంటే ఆ పాపం ఆ నల్ల టీదే. మా ఆయన మాత్రం పార్కు క్యాంటీన్లో తాగి వచ్చి, ఏమీ ఎరగనట్టు మూతి తుడుచుకునేవాడు.

వరసలోని ఆడవాళ్ళు పలకరించడానికి వచ్చినా మా అత్త లోపలికి రమ్మనేది కాదు. గడప దగ్గరే నిలబెట్టి, "మేము ఈడ ఉండేవాళ్ళం కాదమ్మా. మాది వల్లూరు. మాకు ఇల్లు వస్తా ఉండాది. ఈడ నాలుగు దినాలు కూకోని పోతాము" అని చెప్పి పంపేది. ఫిల్టరు నీళ్ళ దగ్గర బిందె నిండేలోపు ఇదే మాట. శనివారం శనిమహాత్మ గుడికి వచ్చి దారి తప్పి ఎవరైనా ఇటు వస్తే, వాళ్ళకు గుడి దారితో పాటు ఇదీ చెప్పేది.

పక్క గదిలో మంగళవాడ నుంచి వచ్చిన ఒకామె ఉండేది. పార్కులో ప్యానెళ్ళు కడిగే పనికి పోయేది. పని ముగించుకుని వచ్చాక మా అత్త పక్కన అరుగు మీద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తూ, ఆమె చెప్పిందల్లా తలూపుతూ వినేది. ముసలామెకు మాట తోడు దొరికిందని నేను సంతోషించాను కూడా.

ఒకరోజు స్కూల్లో ఉండగా బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. అడ్రసు తనిఖీలో ఫైలు ఆగిపోయిందన్నారు. సగం రోజు సెలవు పెట్టి పరుగెత్తాను. లోన్ల అధికారి నావైపు చూడకుండా కంప్యూటరు వైపు చూస్తూ కన్నడంలో చెప్పాడు.

"మీరు ఆ అడ్రసులో ఉండటం లేదట కదా, మేడమ్."

"అక్కడ లేకపోతే మరి రోజూ రాత్రి నేను పడుకుంటున్నది ఎక్కడ సార్?" అన్నాను.

ఆయనకు నా వెటకారం ఎక్కలేదు. తనిఖీకి వచ్చిన మనిషికి మా గది తాళం వేసి కనిపించిందట. పక్కవాళ్ళను అడిగితే మేం అక్కడ ఉండేవాళ్ళం కాదని చెప్పారట. ఇంకొకసారి మనిషిని పంపిస్తామని, ఈసారీ ఇదే మాట వస్తే ఇక తమ చేతుల్లో ఏమీ ఉండదని అన్నాడు. బయటికొచ్చి బ్యాంకు మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. కోపం వచ్చాకే మళ్ళీ లేచి నడవగలిగాను.

నేరుగా పక్క గదికి పోయాను.

"ఏంది అక్కా, మేము ఈడ ల్యామని చెప్పినావంట?"

ఆమె కొంచెం కూడా బెదరలేదు. "అవునమ్మా. మీ అత్త తాళమేసి నీళ్ళకి పోయినప్పుడు బ్యాగు తగిలిచ్చుకోని ఒకాయప్ప వచ్చినాడు. మీరు ఈడ ఉండారా అని అడిగినాడు. వాళ్ళు ఈడ ఉండేవాళ్ళు కాదప్పా, వాళ్ళది వల్లూరు, వాళ్ళకి ఇల్లు వస్తా ఉండాది, ఈడ నాలుగు దినాలు కూకోని పోతారు, అని చెప్పినా. మీ గురించి తక్కువగా యట్ల చెప్తాను మిస్సు?"

ఒక్క ముక్క పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో ఏ పిల్లాడూ నాకు పాఠం అంత బాగా అప్పజెప్పలేదు. ఆమెను ఏమనగలను? మా గదిలోకి వచ్చి ఆ కోపమంతా మా అత్త మీద కుమ్మరించాను. నీ నోటితోనే మన కొంప ముంచినావన్నాను. ఊరంతా తిరిగి దండోరా వేసినావన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. ఆమె తలెత్తకుండా శెనక్కాయలు ఒలుస్తూనే ఉంది. చేటలో కాయలన్నీ అయిపోయాక, ఒలవడానికి ఏమీ లేక, మాట్లాడింది.

"నాకు భయమమ్మా. ఈడ పాలు పొంగిస్తే, ముగ్గేస్తే, సరే ఇదే వీళ్ళ ఇల్లు, ఇంక వేరే ఏం ఇచ్చేది అని దేవుడు అనుకుంటాడేమో అని. నా ఇల్లు నేను ఇచ్చేస్తిని. వచ్చేది గూడా రాకుంటే నేను యాడ సావాల?"

ఆమె మొండితనం వెనక ఇది ఉందని నేను ఊహించలేదు. నాకు ఏడుపొచ్చింది. అంత అరిచి మళ్ళీ ఆమె ముందే ఏడవడం నామోషీగా అనిపించి, నిండుగా ఉన్న బిందెనే మళ్ళీ తీసుకుని నీళ్ళకని బయటికి పోయాను.

మర్నాడు పొద్దున కళ్ళు తెరిచేసరికి గదిలో పాల వాసన. వాకిలి కడిగి ముగ్గు పెట్టి ఉంది. ట్రంకు పెట్టె తెరిచి ఉంది. హిందీ రాత కింద దేవుళ్ళు వరసగా గోడకు ఆనుకుని కూర్చున్నారు. మా అత్త తలస్నానం చేసి తడి జుట్టుతో పొయ్యి ముందు నిలబడి గిన్నెనే చూస్తోంది.

"ఇంకా ఆషాఢం పోల్యాదు కదత్తా?" అన్నాను.

"పోకపోతే పోనీ. ఉండేది ఈడే కదా" అంది.

పాలు పొంగి గిన్నె మీద నుంచి పొయ్యి మీదికి దిగాయి. ఆమె చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. తర్వాత బయటికొచ్చి పక్కామెను పిలిచింది. వెనకాలే వరసంతా వచ్చింది. చక్కెర చాలక మా ఆయన్ని అంగడికి తరిమాం. నేను పాలు పోసిన టీ రెండు లోటాలు తాగాను, సిగ్గు లేకుండా మూడోది కూడా పోయించుకున్నాను. మా అత్త ఒక్కొక్కరికీ టీ అందిస్తూ అదే గొంతుతో, అదే పట్టుదలతో కొత్త మాట చెప్పింది.

"మేము ఈడనే ఉండేవాళ్ళమమ్మా."

తనిఖీ మనిషి మళ్ళీ వచ్చింది ఒక ఆదివారం. ఈసారి అతను ఎవరినీ పిలిచి అడగాల్సిన పని పడలేదు. బండి స్టాండు వేసేలోపే వరసంతా చుట్టుముట్టింది. పక్కామె ముందుకు తోసుకొచ్చి, "ఉండారప్పా, ఈడనే ఉండారు, మొన్న నేను చెప్పింది తప్పు" అని గట్టిగా ప్రకటించింది. చివరి గది తాతయితే ఇంకా ముందుకు పోయి, నన్ను చిన్నప్పటి నుంచి చూస్తున్నానని, నాకు నడక నేర్పింది కూడా తనేనన్నట్టు మాట్లాడాడు. నేను పుట్టి పెరిగింది మడకశిర పక్కన, ఆంధ్రలో. ఆ వరసకు వచ్చి ఇంకా రెండు నెలలు కూడా కాలేదు. ఈ తాత మాటతో ఫైలు మళ్ళీ వెనక్కి పోతుందని భయపడ్డాను. ఆ మనిషి తాత చెప్పింది రాసుకోకుండా నవ్వి ఊరుకున్నాడు.

మా అత్త అతన్ని లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టి టీ ఇచ్చింది. పొయ్యి పక్కన కారి ఎండిపోయిన తెల్లటి చారను చూపించింది. ఆమె దాన్ని అప్పటిదాకా తుడవనివ్వలేదు.

"సూడు నాయనా, పాలు గూడా పొంగిచ్చినాము. ఉండనోళ్ళు పొంగిస్తారా?"

అతను గుమ్మాన్ని, మమ్మల్ని, చివరికి ఆమె పోరు పడలేక ఆ పొయ్యిని కూడా ఫోటో తీసుకున్నాడు. ఆ బ్యాంకు ఫైల్లో మా పొయ్యి ఇప్పటికీ ఉండే ఉంటుంది.

లోను మంజూరైనట్టు మెసేజి వచ్చినప్పుడు నేను స్టాఫ్ రూములో ఉన్నాను. పక్కనున్న కన్నడ టీచరు చేత దాన్ని పైకి చదివించుకుని విన్నాను, నా కళ్ళ మీద నాకే నమ్మకం లేక. గుండెల మీద నుంచి రాగుల మూట దించినట్టయింది. అడ్డమొచ్చిన పిల్లలనల్లా పలకరిస్తూ ఇంటికి వస్తే, మా అత్త ఆ వార్త విని ఏమంత ఆశ్చర్యపోలేదు.

"వస్తాదని నువ్వు ముందే చెప్తివి కదమ్మా" అంది, నన్ను ఎన్నడూ అనుమానించనట్టు.

శ్రావణంలో మంచిరోజు చూసుకుని కొత్త ఇంట్లో అయ్యవారితో శాస్త్రోక్తంగా పాలు పొంగించాం. వరసలోని వాళ్ళందరూ వచ్చి కడుపునిండా తిని, మిగిలిన పాయసం గిన్నెల్లో పట్టుకుపోయారు. నేను ఆ రాత్రి పడుకున్నట్టు పెళ్ళయ్యాక ఎప్పుడూ పడుకోలేదు.

మర్నాడు నేను వంటింట్లో డబ్బాలు కడిగి సర్దుతున్నాను. మా అత్త వీధి అరుగు మీద కూర్చుని ఉంది. బండి ఆగిన చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే భుజానికి బ్యాగు తగిలించుకున్న మనిషి, చేతిలో కాగితాలు. మళ్ళీ ఏ తనిఖీయో అనుకున్నాను. కానీ అతను వచ్చింది మా కోసం కాదు. ఎదురింటికి వేసిన తాళం చూసి, ఇటు తిరిగి మా అత్తను కన్నడంలో అడిగాడు, ఆ ఇంటివాళ్ళు ఇక్కడ ఉంటారా అని. ఏ బ్యాంకు నుంచో వచ్చాడు.

మా అత్త చీర కొంగు సర్దుకుని లేచి నిలబడింది.

"ఉండారప్పా. ఈడనే ఉండారు. శానా ఏండ్ల నుంచి ఉండారు" అంది. కన్నడం వచ్చి కూడా తెలుగులోనే, చేత్తో ఎదురింటి గడపను చూపిస్తూ.

అతను రాసుకుని వెళ్ళిపోయాడు. నేను తడి చేతులతోనే బయటికి వచ్చాను.

"అత్తా, వాళ్ళెవరో నీకు తెలుసా?"

"యాడ తెలుస్తాదమ్మా, మనం వచ్చింది నిన్న కదా" అని మళ్ళీ కూర్చుంది. ఎదురింటి తాళం వైపు కాసేపు చూసింది.

"పాపం, వాళ్ళకి యాడ ఇల్లు వస్తా ఉండాదో ఏమో" అంది.