మూడోసారి ఆళ్లగడ్డకు

మూడోసారి ఆళ్లగడ్డ బస్సెక్కేటప్పటికే నాకు ఓపిక అయిపోయింది. నంద్యాలలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టి ఇరవై ఏళ్లయింది. ఒకే పనికి మూడుసార్లు పోవడం నాకు కొత్త. శిరివెళ్ల దాకా నిలబడే పోయినాను. మెడనొప్పికి పెట్టుకున్న పట్టీ చెమటకు తడిసి దురద పెడుతోంది.

నేను పోతున్నది గుళ్లకు రాతి విగ్రహాలు చెక్కే ఒక పెద్దాయన షెడ్డుకు. విగ్రహాల కొలతల బొమ్మలన్నీ ఆయన కంప్యూటర్లోనే ఉంటాయి. సాయంత్రం దాన్ని ఆపబోతే ఆగదు. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. ఐదు నిమిషాలు చూసి, విసుగొచ్చి, గోడకున్న స్విచ్చి ఆపేస్తాడు. అట్లా ఆపీ ఆపీ రెండు బొమ్మలు మళ్లీ తెరుచుకోకుండా పాడైపోయినాయి.

మొదటిసారి పోయినప్పుడు లోపల పేరుకున్న రాతిపొడి శుభ్రం చేసినాను. రెండోసారి ప్రింటరు సాఫ్ట్‌వేరు తీసి మళ్లీ వేసినాను. రెండుసార్లూ నేను ఇల్లు చేరకముందే ఫోన్. "మళ్లా అదే కథమ్మా."

ఈసారి ఉలి కింద పెట్టకుండానే పలకరించినాడు. "ఈ పొద్దన్నా అయితాదా, కొత్తది కొనుక్కోమంటావా?"

"చూస్తానన్నా."

సుత్తి చప్పుళ్ల మధ్య కూర్చుని, ఆపేటప్పుడు లోపల ఏమేం నడుస్తున్నాయో ఒక్కొక్కటే చూసుకుంటూ పోయినాను. మధ్యాహ్నం దాటినాక కనపడింది. నాలుగు వరసల చిన్న ఫైలు. కంప్యూటరు ఆపిన ప్రతిసారీ బొమ్మలన్నిటినీ పక్కగదిలోని ఇంకో కంప్యూటరుకు కాపీ చెయ్యాలి, అది దొరక్కపోతే దొరికేదాకా ప్రయత్నించాలి అని రాసుంది. రాసింది నేనే. చాలా ఏళ్ల కిందట, ఆయన తమ్ముడు అడిగితే. అప్పుడు పక్కగదిలో కూర్చుని బొమ్మలు గీసేది ఆ తమ్ముడే.

ఏదో ఒక సాకు చెప్పి, ఫైలు తీసేసి, లేచి పోవచ్చు. సిగ్గు కన్నా అలసటే ఎక్కువగా ఉంది. అయినా అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"అన్నా, తప్పు నాదే. మీ తమ్ముని కంప్యూటరు యాడుంది?"

"వేరుపడినప్పుడే ఎత్తుకపోయినాడు. బస్టాండు తట్టు షెడ్డు ఏసుకున్న్యాడు. నాలుగు నెలలాయె."

ఆ ఫైలు ఏం చేస్తుందో చెప్పినాను. విని, ఉలి కింద పెట్టినాడు. "అంటే ఇది దినామూ వాని కోసం ఎతుకుతాందా?"

"ఊ."

"రెండుసార్లు వచ్చినావు. నీకు గ్యాపకం రాల్యా?"

"రాలేదన్నా."

"సరే, తీసేయ్."

తీసేసి ఆపి చూపించినాను. పది లెక్కపెట్టేలోపే తెర నల్లబడింది, ఫ్యాను నిలిచింది. ఆయన మొహంలో సంతోషమేమీ లేదు. అప్పుడే నాకు తట్టింది. వేరుపడేదాకా కాపీలన్నీ అక్కడికే పోయినాయి కాబట్టి, పాడైపోయిన ఆ రెండు బొమ్మలూ తమ్ముని దగ్గర ఉండితీరాలి. ఆ మాటే ఆయనకు చెప్పినాను.

"నేనడగను," అన్నాడు.

ఎండలో నేనే నడిచిపోయినాను. తమ్ముడు చేతికున్న పొడి దులుపుకుంటూ బయటికి వచ్చినాడు. నేను ఎందుకొచ్చినానో చెప్పినాను.

"అన్న పంపినాడా?"

"లేదు. నేనే వచ్చినా."

ఇంకేమీ అడగకుండా నా పెన్‌డ్రైవ్ తీసుకుని లోపలికి పోయినాడు. తిరిగి ఇస్తూ, "నరసింహస్వామి బొమ్మలో ఎడమచెయ్యి కొలత తప్పుండె. పోయినేడు గీసినప్పుడు సూసుకోల్యా. ఇప్పుడు దిద్ది పెట్టినా, అది గూడా ఏసినా. చెక్కేముందు సూసుకోమను," అన్నాడు.

మళ్లీ అదే దారి వెనక్కి. కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చి పెన్‌డ్రైవ్ కంప్యూటరుకు పెట్టి, బొమ్మ తెరిచి, తమ్ముడు చెప్పింది చెప్పినాను. పెద్దాయన స్టూలు లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. షెడ్డు మధ్యలో సగం చెక్కిన నరసింహస్వామి విగ్రహం. తల, రొమ్ము అయినాయి. ఎడమ చెయ్యి ఇంకా రాతిలోనే ఉంది.

"నాకూ అనుమానంగానే ఉండె," అన్నాడు.

"ఫోన్ చేస్తావా అన్నా?"

"ముందు కొలత సూడనీమ్మా," అంటూ టేపు కోసం చెయ్యి చాపినాడు.