మునియప్ప ఇచ్చిన ఫైవ్ నైన్

ఆ ఏడు ఎండాకాలం ముదరకముందే మునియప్ప ఒళ్ళు హూనమైపోయింది. గుడియాత్తంలో ఏ సందు చూసినా కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. మేస్త్రీలకు చేతినిండా పని. వాళ్ళ వెనకాలే గోడలు తొలిచి, పైపులు దించి, వైర్లు లాగే మునియప్పలాంటి వాళ్ళకు ఊపిరాడని పని. ఇదివరకు ఇంటికి రెండు లైట్లూ ఒక ఫ్యానూ ఉంటే చాలనేవాళ్ళు. ఇప్పుడు కలర్ టీవీకి ఒక పాయింటు, ఫ్రిజ్జుకి ఒకటి, ఏసీ ఎప్పుడో కొంటాం కాబట్టి దానికీ ఒకటి అంటున్నారు. దేశం మారిపోతోందని పేపర్లు ఒకటే రాయడం. మారనీ, ఎవరొద్దన్నారు? నిచ్చెనెక్కి దిగే మోకాళ్ళు మాత్రం పాతవే కదా!

ఇది చాలదన్నట్టు ఆయనకు రేడియో పిచ్చి ఒకటి. వినే రేడియో కాదు, మాట్లాడే రేడియో. పరీక్ష రాసి, సర్కారు లైసెన్సు తీసుకొని, మిద్దె మీద తీగ కట్టుకొని, ముఖం చూడని మనుషులతో గాలిలో మాట్లాడుకునే వాళ్ళు కొందరుంటారు. హాములంటారు వాళ్ళను. వేలూరులో తంతి ఆఫీసులో పనిచేసి రిటైరైన చెంగల్రాయుడు పెట్టిన క్లబ్బులో మునియప్ప ఈ విద్య నేర్చుకున్నాడు. తుపానుకు ఫోను స్తంభాలు కూలినా, తిరునాళ్ళలో జనం పోటెత్తినా ఈ క్లబ్బు వాళ్ళకు కబురొస్తుంది. పనులు మానుకొని, సొంత పెట్టెలు భుజాన వేసుకొని పోతారు. వాన వెలిసిందంటే మళ్ళీ వాళ్ళ మొహం చూసేవాడుండడు.

“వీధికొక ఎస్టీడీ బూతు వచ్చిండాది. ఇంకా ఈ గరగర ఎందుకయ్యా నీకు?” అనేది భార్య చిన్నపొన్ను. ఆమె అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని చేసి సాయంత్రానికి అగ్గిపుల్లల మందు వాసనతో ఇల్లు చేరే మనిషి. ఈమధ్య ఆ మాట ఆయనకే సబబుగా తోస్తోంది.

హాముల్లో ఒక మర్యాద ఉంది. అవతలి వాడు మాట్లాడగానే, నీ మాట ఎలా వినపడుతోందో రెండంకెల్లో చెప్పాలి. మొదటి అంకె మాట ఎంత స్పష్టంగా ఉందో చెబుతుంది, దానికి అయిదే అన్నిటికన్నా పై అంకె. రెండోది ఎంత గట్టిగా ఉందో చెబుతుంది, దానికి తొమ్మిది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలని పుస్తకంలో ఉంది. చెప్పేదెవరు? పెళ్ళి భోజనం ఎలా ఉందని అడిగితే ఉప్పు తక్కువైందని అంటామా? అలాగే అందరూ అందరికీ “ఫైవ్ నైన్” ఇచ్చేస్తుంటారు. మునియప్ప చెయ్యి ఈ విషయంలో మరీ పెద్దది.

పేర్ణాంబట్టులో చెప్పుల ఫ్యాక్టరీలో తోలు కత్తిరించే సెల్వం ఉన్నాడు. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. పని నుంచి వచ్చాక రోజూ కూర్చొని, అతుకులు వేస్తూ వేళ్ళు కాల్చుకుంటూ, చేతిలో పట్టేటంత రేడియో పెట్టె ఒకటి సొంతంగా తయారుచేసుకున్నాడు. మొదటిసారి దాంట్లో మాట్లాడి, “ఎట్లుండాది అన్నా?” అని అడిగినప్పుడు మునియప్పకు వినపడింది వడగండ్ల వానలాంటి గరగర, దాని అడుగున ఎక్కడో ఒక మనిషి గొంతు. నిజం చెబుదామని నోరు తెరిచాడు. ఆ మనిషి ఎంత ఆశగా ఎదురుచూస్తున్నాడో తలుచుకొని, “ఫైవ్ నైన్ సెల్వం! బ్రహ్మాండం!” అన్నాడు. ఆ తర్వాత వెనక్కి తీసుకోవడం ఎలా? రెండేళ్ళుగా అదే మాట అంటూ వచ్చాడు. సెల్వం మాట్లాడిందాంట్లో సగం ఊహించుకొనేవాడు, మిగతాది క్లబ్బులో వేరేవాళ్ళ ద్వారా తెలుసుకొనేవాడు.

తమిళుల వైయాసి నెల మొదటి రోజు గంగమ్మ శిరస్సు పండగ వచ్చింది. అమ్మవారి శిరస్సును ఊరేగింపుగా ఏటి ఒడ్డు గుడికి తీసుకుపోయే రోజు. చుట్టుపక్కల ఊళ్ళే కాదు, తిరుపత్తూరు నుంచి, పరదరామి నుంచి, ఆంధ్రా పల్లెల నుంచి జనం విరుచుకు పడతారు. శిరస్సు వచ్చే వీధుల్లో టెంకాయలు గుట్టలుగా పోసి కొడతారు. చిప్పల మీద కాలు పెట్టే సందుండదు, ఆంబులెన్సు ఏ వీధిలో దూరాలో దేవుడికే తెలియాలి. అందుకే ఏటా క్లబ్బు వాళ్ళు ఊరంతా పోస్టులు పెట్టి, ఎండదెబ్బ తిన్నవాళ్ళ గురించీ తప్పిపోయిన వాళ్ళ గురించీ కబుర్లు చేరవేస్తారు. ఆ కబుర్లన్నీ వచ్చి చేరే చోటు మునియప్పది. పోయినేడు దాకా ఆయన ఏటి పక్కనే పందిట్లో కూర్చునేవాడు. ఈసారి ఎత్తు బాగుంటుందని బజారులో ఒక బట్టల కొట్టు మిద్దె మీద పెట్టారు. ఏటి గట్టు పోస్టు సెల్వానికి ఇచ్చారు.

ముందురోజంతా ఎవరింట్లోనో గృహప్రవేశానికి వైరింగు ముగించి, ఒళ్ళు పులిసిపోయి, నిద్ర చాలక, తెల్లారకముందే లేచి బ్యాటరీ మోసుకొని వెళ్ళిపోయాడు మునియప్ప. ఆ తొందరలో ఒక పని మరిచాడు.

వాళ్ళ ఇంట్లో ఒక మొక్కు ఉంది. పండగ రోజు తల్లి ఒక టెంకాయ కొడుకు చేతికిస్తుంది. కొడుకు దాన్ని గంగమ్మ పేరు చెప్పి కొట్టాలి. అది పగిలి నీళ్ళు నేల మీద పడేదాకా తల్లి చుక్క మంచినీళ్ళు ముట్టదు. మునియప్ప తల్లి అంజలై ముసలిదైపోయినా ఈ మొక్కు తప్పలేదు. కోడలు కొడతానన్నా ఒప్పదు, మనవడు కొడతానన్నా ఒప్పదు. ఏటా మునియప్ప వాకిట్లో టెంకాయ కొట్టి, ఆమె చేత నీళ్ళు తాగించి పనికి పోయేవాడు.

ఎండ నడినెత్తికొస్తుండగా చిన్నపొన్ను జనాన్ని తోసుకుంటూ మిద్దె మీదికి వచ్చింది. రొప్పుతోంది.

“ఏమయ్యా, మీ అమ్మ యాడుండాదో తెలుసునా నీకు?”

“ఇంట్లో గదా?”

“ఇంట్లో ఉంటే నేనెందుకు వస్తాను? నేను అంబలి కాస్తా ఉంటే టెంకాయ చేతబట్టుకొని ఎల్లిపోయిండాది. ‘నా కొడుకు మరిచినాడు, నేనే పోయి కొట్టించుకొస్తా’ అన్నిందంట పక్కింటామెతో. పొద్దున్నుంచి నోట్లో చుక్క నీళ్ళు లేవు. ఈ ఎండలో యాడ పడిపోయిందో ఏమో, అయ్యయ్యో!”

మునియప్ప మైకు పట్టుకొని అన్ని పోస్టులకూ చెప్పాడు. పేరు అంజలై, పొట్టి మనిషి, కుడి ముంజేతికి పచ్చబొట్టు, చేతిలో టెంకాయ. పసుపు చీర అని కూడా చెప్పబోయి ఆగాడు. ఆ రోజు ఊళ్ళో పసుపు చీర కట్టని ముసలమ్మ ఎక్కడుంది?

“నువ్వు లేసి రా, ఎతుకుదాం,” అంది చిన్నపొన్ను.

“నేను నడిచి ఎతికితే ఒక వీధి. ఈడుంటే అన్ని పోస్టులూ ఎతకతాయి. నేను లేస్తే ఆంబులెన్సుకి దారి ఎవరు చెప్తారే?”

“ఊళ్ళో వాళ్ళ అమ్మల్నందర్నీ ఎతకతావు, నీ అమ్మ కోసరం లేసేదానికి కాళ్ళు రావు నీకు!” అని తిట్టి, కళ్ళు తుడుచుకుంటూ, ఆమె ఊరేగింపు వీధుల్లోకి పోయింది. ఆ మాట ఆయనకు తగలకపోలేదు. కానీ అప్పటికే రెండు పోస్టులు ఒకేసారి పిలుస్తున్నాయి.

కాసేపటికి ఏటి గట్టు నుంచి సెల్వం పిలిచాడు. గరగర. మధ్యలో ‘అన్నా’ అన్నట్టుంది. మళ్ళీ గరగర. పొద్దున్నుంచీ ఆ పోస్టు నుంచి వచ్చిన కబురల్లా ఒకటే, ఇక్కడంతా బాగుంది అని. ఇదీ అదే అనుకున్నాడు మునియప్ప. ఎంత చిన్న కబురైనా విన్నవాడు తిరిగి చదివి వినిపించాలని క్లబ్బులో కొత్తవాళ్ళకు తలలు వాచేలా చెప్పేది తనే. తిరిగి చదవాలంటే ముందు వినపడాలి కదా. వినపడలేదని ఇప్పుడు చెబితే రెండేళ్ళ మర్యాద ఏమవుతుంది? అంత ఆలోచించే ఓపిక కూడా ఆయనకు లేదనుకోండి. నోటికి అలవాటైన మాట దానంతటదే వచ్చేసింది.

“ఫైవ్ నైన్ సెల్వం. సరే, సరే. థాంక్స్.”

బజారులో ఒక గర్భిణీ స్త్రీ సొమ్మసిల్లి పడిపోయిందన్నారు. ఆమె దగ్గరికి ఆంబులెన్సును ఏ సందులోంచి తీసుకురావాలో చెబుతుండగా సెల్వం మళ్ళీ పిలిచాడు. “ఆగు సెల్వం, కొంచెం ఆగు,” అన్నాడు మునియప్ప. సెల్వం ఆగాడు. ఆ తర్వాత అతని పెట్టెలో బ్యాటరీ అయిపోయింది.

తల్లి కనపడిందని ఏ పోస్టూ చెప్పలేదు. కనపడితే వాళ్ళే చెబుతారు కదా అని మునియప్ప మళ్ళీ అడగలేదు. ప్రతి పిలుపుకూ ఉలిక్కిపడుతూ, ప్రతి ముసలమ్మ కబురుకూ చెమటలు కారుస్తూ, పొద్దు వాలేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. జనం పలచబడ్డాక మైకు కింద పెట్టి, తూలుకుంటూ మిద్దె దిగాడు. ఊరేగింపు వీధులు చిన్నపొన్ను వెతుకుతోంది కాబట్టి తను ఏటి వైపు నడిచాడు.

ఏటి వంతెనకు ఇవతల, చెరకురసం బండి వెనకాల, సెల్వం ఒంటి మీద చొక్కా లేకుండా నిలబడి ఉన్నాడు. చొక్కా రెండు చేతులతో చాపి నీడ పడుతున్నాడు. ఆ నీడలో అంజలై పడుకొని ఉంది. పెదాలు అట్ట కట్టినట్టున్నాయి. ఒళ్ళో టెంకాయ అలాగే ఉంది.

“వచ్చినావా నాయనా,” అంది. గొంతు గాలిలా వచ్చింది. “కొట్టు.”

మునియప్ప అక్కడే రాయి మీద కొట్టాడు. మొదటి దెబ్బకు పగల్లేదు, మళ్ళీ కొట్టాడు. టెంకాయ నీళ్ళు నేల మీద పడ్డాక, బండి దగ్గరున్న మంచినీళ్ళ గ్లాసు తీసి ఆమె నోటి దగ్గర పెట్టాడు. నీళ్ళు లోపలికి పోలేదు, పక్కల నుంచి కారిపోయాయి. అమ్మా, అమ్మా అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇద్దరూ ఆమెను ఆటోలో వేసుకొని ఆస్పత్రికి తీసుకుపోయారు. సెలైను ఎక్కించారు. రాత్రి గడిస్తే చెబుతామన్నారు డాక్టరు. కబురందుకొని చిన్నపొన్ను పరిగెత్తుకుంటూ వచ్చి అత్త కాళ్ళ దగ్గర కూర్చుంది, మొగుడి వంక చూడనైనా లేదు.

వరండాలో బెంచీ మీద మునియప్ప, సెల్వం కూర్చున్నారు. సెల్వమే మొదలుపెట్టాడు.

“జనంలో చిక్కుకోనుండావేమో, అందుకే రాలేకపోతుండావేమో అనుకొంటి అన్నా. అవ్వను నాలుగు మార్లు లేపి తీసుకొద్దామని చూస్తి. రాలే. పోయినేడు నువ్వు ఆ ఏటి పక్కనే కూచొనుంటివంట, ‘నా కొడుకు ఈడికే వస్తాడు’ అనె. నేనన్నా ఎవరినైనా మీ ఇంటికి పంపిండొచ్చు. నీకు చెప్పేసినా గదా అని పంపలే.”

మునియప్ప తల వంచుకున్నాడు. ఇంకొక అబద్ధం చెప్పడానికి కూడా ఆయన ఒంట్లో సత్తువ మిగల్లేదు.

“నాకు ఇనపడలేదప్పా.”

“ఏమన్నా? ఫైవ్ నైన్ అన్నావే!”

“అంటిని. ఇనపడలే.”

“రెండోసారి?”

“అదీ ఇనపడలే. ఈరోజే కాదు సెల్వం. నీ పెట్టె మాట నాకు ఏనాడూ సరిగా ఇనపడలే. నువ్వు బాధపడతావని చెప్పలే,” అన్నాడు.

సెల్వం నడుముకు తగిలించుకున్న పెట్టెను తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. దాన్నే చూస్తూ ఉన్నాడు. కోపగించుకుంటాడేమో, రెండు మాటలు అంటే బాగుండునేమో అని మునియప్ప ఎదురుచూశాడు. అతను గొంతు పెంచలేదు.

“యాడనో ఒక అతుకు ఊడుంటాదన్నా. చెప్పింటే ఒక ఆదివారం కూచొని సరిచేసుకొనుంటిని.”

లోపల చిన్నపొన్ను అత్తను పిలుస్తోంది. బదులు రావడం లేదు. సెల్వం లేచి తలుపు దాకా పోయి, అక్కడే ఆగిపోయాడు.

“అవ్వ నీళ్ళు తాగుతాననె అన్నా,” అన్నాడు వెనక్కి తిరగకుండానే. “ఎండ దిగేటప్పుడు ఒకసారి తాగుతాననె. గ్లాసు చేతిలోకి తీసుకొనె. నేనే ఆపితి. ఉండు అవ్వా, నీ కొడుక్కి ఇనపడిండాది, వచ్చేస్తా ఉండాడు, ఇంతసేపు ఉంటివి, మొక్కు చెరుపుకోవద్దు అంటిని.”