సిద్దికా టీచరు ఎరుపు

సిద్దికా టీచరు అంగన్‌వాడీలో దయ్యాల కథలు చెప్పి పిల్లల్ని బెదరగొడుతోందని ప్రత్తిపాడు మిరప కళ్ళాల్లో చెప్పుకుంటున్నారు. దయ్యమూ లేదు, కథా లేదు. ఆవిడ నేర్పేది రంగుల పేర్లే. దూది చూపించి తెలుపు అని రాయిస్తుంది, ఆకు చూపించి పచ్చ అని రాయిస్తుంది. ఎరుపు దగ్గరికొచ్చేసరికి మాత్రం పండుమిరపకాయ తీయదు. పురుగుమందు డబ్బా మీద ఉండే ఎర్ర ముక్కోణాన్ని అట్ట మీద గీసి చూపిస్తుంది. ఎ, రు, పు అని కూడబలుక్కుని చదవగానే పిల్లలందరూ చేతులు వెనక్కి కట్టుకోవాలి.

మహిమ కూతురు షారోనుకి అయిదేళ్ళు. పొద్దున తల్లి జడకి కట్టడానికి ఎర్ర రిబ్బను తీయగానే చేతులు వెనక్కి కట్టుకుని వణికిపోయింది. మహిమకి ఒళ్ళు మండి, పిల్లని వెంటబెట్టుకుని అంగన్‌వాడీకి వచ్చింది.

"ఏమండీ టీచరుగారూ, రిబ్బను కూడా కరుస్తుందని చెప్పారా మా పిల్లకి?"

"రిబ్బను కరవదని ఇవాళ చెప్తాలేమ్మా."

"పసిపిల్లలండీ. ఇంత భయం ఎందుకు పెడుతున్నారు? సూటిగా చెప్పండి."

మొన్న పోలియో చుక్కలకి పిలవడానికి వెళ్ళినప్పుడు మహిమ ఇంట్లో కిటికీ గూట్లో కూల్‌డ్రింకు సీసా చూసింది సిద్దికా. పత్తికి కొట్టగా మిగిలిన మందు మహిమ మొగుడు అందులో పోసి పెట్టాడు. ఆ గూడు షారోను చేతికి అందేంత ఎత్తులోనే ఉంది.

"డబ్బా మీద ఎరుపు ఉంటుంది కాబట్టి దాన్ని ముట్టుకోవద్దని నేర్పగలిగాను, మహిమా. మీ గూట్లో ఉన్న ఆ కూల్‌డ్రింకు సీసాకి ఏ రంగు నేర్పమంటావు?"