క్యాంటీన్ కమిటీ ఆఖరి కచేరీ, నేను మింగేసిన రెండు నిమిషాలు

మూడు వారాల కిందట ఓబులేసు ఫోన్ చేశాడు. పండగలకు తలా ఒక మెసేజ్ పంపుకోవడం తప్ప మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకుని ఏళ్లయింది. అందుకే నంబరు చూడగానే ఏదో చెడువార్త అనుకున్నాను. "ఏమప్పా ప్రసాదూ, క్యాంటీన్ కమిటీ వాళ్లు ఇంగ మానేస్తాండారంట. ఎడిన్‌బర్గ్‌లోనే ఆఖరు పాట. టికెట్లు తీసినా. వస్తావా?" అన్నాడు. వస్తానన్నాను. క్యాంటీన్ కమిటీ అంటే మేం కోవెంట్రీలో ఉన్నప్పుడు విన్న పాటల బ్యాండ్. లండన్ నుంచి ఎడిన్‌బర్గ్ వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఈ ప్రయాణం గురించి రాస్తున్నాను గానీ, నేను వెళ్లింది కోట చూడటానికి కాదు. ఎనిమిదేళ్ల కిందట కోవెంట్రీలో ఓబులేసు కోసం మాట్లాడాల్సిన నాలుగు మాటలు నేను మింగేశాను. ఆ తప్పును ఒక్కసారైనా అతని ముఖం చూసి ఒప్పుకోవాలనుకున్నాను.

శనివారం పొద్దున ఏడున్నరకే వెంబ్లీ పార్క్‌లో ట్యూబ్ రైలు ఎక్కాను. మెట్రోపాలిటన్ లైన్‌లో కింగ్స్ క్రాస్ పాతిక నిమిషాల లోపే, మధ్యలో మారే పని లేదు. తొమ్మిదింటి రైలుకు మూడు వారాల ముందే కొన్నాను కాబట్టి ఇరవై నాలుగు పౌండ్లతో పోయింది. అదే టికెట్ ఆ రోజు కౌంటర్లో అడిగితే చుక్కలు కనిపిస్తాయి. ఇంకో మాట. సీటు బుక్ చేసేటప్పుడు రైలు వెళ్లే దిక్కుకు కుడివైపు కిటికీ అడగండి. డరమ్ దగ్గర కొండమీద చర్చి, న్యూకాజిల్ దాటాక సముద్రం, అన్నీ అటువైపే. మా ఆఫీసులో ఒకతను స్కాట్లాండ్‌కు వీసా కావాలా అని అడిగాడు. అక్కర్లేదు, పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు. నా జేబులో మాత్రం ఉంది. ఎందుకో ముందుకెళ్తే మీకే తెలుస్తుంది.

పీటర్‌బరోలో ఒక పెద్దాయన ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. కోటు విప్పితే లోపల క్యాంటీన్ కమిటీ టీషర్టు, ఉతికి ఉతికి రంగు వెలిసింది. "మీరూ అక్కడికేనా?" అన్నాను. "తిట్టడానికి వెళ్తున్నా" అన్నాడాయన. కోవెంట్రీలో కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేశాడట. ఈ బ్యాండ్ పుట్టింది ఆ క్యాంటీన్లోనే. దాన్ని మూసేస్తామని యాజమాన్యం అన్నప్పుడు వంటమనిషి జానెట్, ఇంకో ముగ్గురు వర్కర్లు కలిసి బల్లల మీద వాయించుకుంటూ పాటలు మొదలుపెట్టారు. క్యాంటీన్ పోయింది, పాట మిగిలింది. సమ్మెల గురించి, అద్దె ఇళ్ల గురించి, ఆసుపత్రుల గురించి పాడేవాళ్లు. కానీ ఉపన్యాసంలా ఉండేది కాదు. కాళ్లు ఆగేవి కావు. "తర్వాత ఏమైంది? పెద్ద హాళ్లు, టీవీలు. చివరికి కారు ప్రకటనకు పాట ఇచ్చారు. మమ్మల్ని పనిలోంచి తీసేసిన కంపెనీ కారు!" అన్నాడు పెద్దాయన. యుద్ధం వద్దని జానెట్ లండన్ ఊరేగింపులో లారీ ఎక్కి పాడిందని, ఆ తర్వాత వాళ్ల పాటలు రేడియోలో వినిపించడం తగ్గిపోయిందని నేను గుర్తుచేశాను. "అది నిజమే, అప్పటికే ఆలస్యమైంది" అన్నాడు. ఆలస్యం గురించి మాట్లాడే అర్హత నాకు ఎక్కడుంది?

అసలు సంగతి ఇది. అప్పట్లో కోవెంట్రీలో ఒకే ఇంట్లో ఆరుగురం ఉండేవాళ్లం. మమ్మల్ని ఇండియా నుంచి తెచ్చిన కన్సల్టెన్సీ మనవాళ్లదే. యజమానిని అందరం అంకుల్ అనేవాళ్లం. దిగిన రోజునే ఎయిర్‌పోర్టుకు వచ్చి, ఇంటికి తీసుకెళ్లి గోంగూరతో అన్నం పెట్టించి, "మీరు కుర్రాళ్లు, పారేసుకుంటార్రా, నా దగ్గరుంటే భద్రం" అని పాస్‌పోర్టులు తీసుకుని బీరువాలో పెట్టాడు. అన్నం పెట్టిన చేతికి పాస్‌పోర్టు ఇవ్వనంటే బాగుంటుందా? ఇచ్చేశాం. మరుసటి ఏడు ఓబులేసు భార్యకు నెలలు నిండుతున్నాయి. ఆమె బాగా నీరసంగా ఉందని డాక్టర్లు చెప్పారట. సెలవు పెట్టి వెళ్తానంటే అంకుల్ పాస్‌పోర్టు ఇవ్వలేదు. "ప్రాజెక్టు అయ్యాక వెళ్దువులే అల్లుడూ" అని భుజం తట్టి పంపేవాడు.

క్యాంటీన్ కమిటీకి ఒక ఆనవాయితీ ఉండేది. ఏ ఊళ్లో పాడినా ఆఖరి పాటకు ముందు మైకు ఆ ఊరి మనిషి ఒకరికి ఇచ్చేవాళ్లు. రెండు నిమిషాలు తన కష్టం చెప్పుకోవచ్చు. వినడానికి యూనియన్ వాళ్లు, పేపరు వాళ్లు కూడా వచ్చేవారు, చాలా పనులు అలాగే అయ్యేవి. టీషర్టులు అమ్మే బల్ల దగ్గర మోరీన్ అనే ఆవిడ పేర్లు రాసుకునేది. మా సంగతి విని నా పేరు రాసింది. ఓబులేసుకు ఇంగ్లీషు తడబడుతుందని, మాట్లాడేది నేనని అనుకున్నాం. ఆ రోజు ఉగాది. మధ్యాహ్నం అంకుల్ స్వయంగా పులిహోర, ఉగాది పచ్చడి పట్టుకొచ్చి మాతో కూర్చుని తిన్నాడు. సాయంత్రం స్టేజీ ఎక్కాను. ఎదురుగా నాలుగు వందల తెల్ల ముఖాలు. ఇంటి గుట్టు లంకకు చేటు అని చిన్నప్పటి నుంచి విన్న మాట గుర్తొచ్చింది. మనవాణ్ణి వీళ్ల ముందు దొంగను చేయడమా అనిపించింది. "ఈ ఊరు మమ్మల్ని చాలా బాగా చూసుకుంది, థ్యాంక్యూ" అని చెప్పి దిగిపోయాను. చప్పట్లు కొట్టారు. కింద ఓబులేసు ఒక్కడే కొట్టలేదు. ఆ తర్వాత కూడా నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణేమో.

ఒంటిగంట దాటాక ఎడిన్‌బర్గ్ వేవర్లీ స్టేషన్లో దిగాను. మెట్లెక్కి పైకి రాగానే గాలి మనిషిని పక్కకు నెడుతుంది, మేలో కూడా జాకెట్ తప్పనిసరి. ఓబులేసు ఇప్పుడు ఉండేది ఈ ఊళ్లోనే, కూతురితో వచ్చాడు. "సన్నబడినావే! పా, పోదాం" అని బ్యాగు లాక్కున్నాడు. కీర్తనకు ఎనిమిదేళ్లు. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం స్కాటిష్ ఇంగ్లీషులో వస్తుంది. నన్ను కిందా మీదా చూసి, "ఆర్ యూ ది అంకుల్ హూ వాజ్ ఆన్ స్టేజ్ విత్ దెమ్?" అంది కళ్లు పెద్దవి చేసి. ఓబులేసు నవ్వుతూ, "నా స్నేహితుడు వాళ్లతోపాటు స్టేజీ ఎక్కినాడని పాపకు చెప్పినా. ఇస్కూల్లో అందరికీ చెప్పుకుంటాది" అన్నాడు. సగం కథే చెప్పాడన్నమాట, అదీ నన్ను కాపాడే సగం. నాకు అక్కడికక్కడే భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

కచేరీ హాలు ఉన్న లీత్ పేట వైపు వెళ్లే బస్సు ఎక్కాం. ఇక్కడ డ్రైవర్లు చిల్లర ఇవ్వరు, పౌండు పది పెన్నీలు సరిగ్గా డబ్బాలో వేయాలి. నా ఐదు పౌండ్ల నోటు చూసి డ్రైవరు, "దాచుకో నాయనా, అది ఈ డబ్బాలో పడితే తిరిగి రాదు" అన్నాడు. ఓబులేసే నాక్కూడా వేశాడు. హాలు పక్కన చిప్స్ షాపులో సాల్ట్ అండ్ సాస్ కావాలా అని అడిగితే తల ఊపండి. ఆ పుల్లటి నల్ల సాస్ ఈ ఊరి ప్రత్యేకం. ఓబులేసు భార్యకు ఆసుపత్రిలో శనివారం డ్యూటీ పడిందట, మాకు మరమరాల ఉగ్గాని కట్టి పంపింది. బెంచీ మీద కూర్చుని ఒక చేత్తో ఉగ్గాని, ఒక చేత్తో చిప్స్ తిన్నాం. "ఓబులేసూ, ఆ రోజు..." అని మొదలుపెట్టాను. "అది ఇడిసిపెట్టప్పా, తిను" అన్నాడు, డబ్బా నావైపు జరుపుతూ.

పిల్లలతో వచ్చేవాళ్ల కోసమని కచేరీ నాలుగున్నరకే పెట్టారు. టికెట్ పద్దెనిమిది పౌండ్లు, పిల్లలకు సగం. లోపల టీషర్టుల బల్ల దగ్గర మోరీనే ఉంది, జుట్టు పూర్తిగా నెరిసింది. ఈ రోజు మళ్లీ రెండు నిమిషాల మైకు ఇస్తారని గోడ మీద కాగితం అంటించి ఉంది. నేనెవరో చెప్పాను. "గుర్తున్నావు. థ్యాంక్యూ చెప్పిన అబ్బాయివి" అంది. ఇంకేం గుర్తుండాలి? ఈసారి నిజం చెప్తాను, నా పేరు రాయమన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టి, "ఇప్పుడు నీ పాస్‌పోర్టు ఎక్కడుంది, బాబూ?" అని అడిగింది. జేబులోంచి తీసి చూపించాను. "మరైతే ఆ మైకు నీకెందుకు? ఇక్కడ ఒక హోటల్లో గదులు తుడిచే అమ్మాయి ఉంది. దాని పాస్‌పోర్టు ఇంకా మేనేజరు దగ్గరే ఉంది. ఆ పిల్ల మాట్లాడాలి" అంది. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

జానెట్ గొంతు కాస్త బొంగురుపోయింది గానీ పాటలో పదును పోలేదు. ఆఖరి పాటకు ముందు ఆగి, "హాళ్లు పెద్దవయ్యాక టీవీ వాళ్లకు టైము సరిపోదంటే ఈ రెండు నిమిషాలు మేమే తీసేశాం. కారు ప్రకటన కన్నా నాకు అదే పెద్ద తప్పనిపిస్తుంది" అంది. తర్వాత ఆ హోటల్ అమ్మాయి ఎక్కింది. వచ్చీరాని ఇంగ్లీషులోనే తన సంగతి, మేనేజరు సంగతి అంతా చెప్పేసింది. ఆ రోజు మైకు అతనికే ఇచ్చి ఉంటే ఓబులేసు కూడా అలాగే తడబడుతూ చెప్పుకునేవాడు. నా ఇంగ్లీషును నమ్ముకోవడమే అతను చేసిన పొరపాటు. ముందు వరసలో రైల్లో కలిసిన పెద్దాయన కనిపించాడు. తిట్టడానికి వచ్చినవాడు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు.

బయటికి వచ్చేసరికి ఇంకా ఎండగానే ఉంది. బస్‌స్టాపు బోర్డు మీద మా బస్సు రెండు నిమిషాల్లో వస్తుందని చూపిస్తోంది. "వేర్ డిడ్ యూ స్టాండ్, అంకుల్? వాట్ డిడ్ యూ సే?" అని కీర్తన నా చెయ్యి పట్టుకుని అడిగింది. ఓబులేసు అడ్డం రాబోయాడు. నేను ఆగలేదు. "మీ నాన్న పాస్‌పోర్టు ఒకాయన దాచుకున్నాడమ్మా. నువ్వు పుట్టే టైముకు మీ నాన్న రావాలి. అది చెప్పమనే నన్ను స్టేజీ ఎక్కించారు. నేను చెప్పలేదు. భయపడ్డాను. అందుకే మీ నాన్న నువ్వు పుట్టినప్పుడు రాలేకపోయాడు" అన్నాను. ఆ పిల్ల చెయ్యి వదలకుండానే తల పైకెత్తి, "వై డింట్ యూ జస్ట్ సే ఇట్?" అంది. పులిహోర అని చెప్పనా?

ఓబులేసు రోడ్డువైపు చూస్తూ ఉన్నాడు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ మాట ఎత్తాడు. "ఎనిమిది నెలలప్పా. నేను పోయేతలికి ఈ పాప కూచుంటాండె. నన్ను చూసి ఎవురో అనుకోని ఏడిసె." అంతే అన్నాడు. నేను క్షమించమన్నాను. బస్సు వచ్చింది. నా దగ్గర ఇంకా చిల్లర లేదని గుర్తుపెట్టుకుని, ముగ్గురికీ తనే డబ్బాలో వేశాడు.

ఆదివారం మధ్యాహ్నం రైల్లో తిరిగొస్తుంటే సముద్రం ఈసారి ఎడమవైపు కనిపించింది. క్యాంటీన్ కమిటీ వాళ్లు తమ తప్పును వందలమంది ముందు చెప్పుకుని విడిపోయారు. నేను ఒక ఎనిమిదేళ్ల పిల్లకు చెప్పడానికి ఎనిమిదేళ్లు తీసుకున్నాను. చెప్పినందుకు మనసు తేలికపడిందని రాస్తే అది అబద్ధం. ఆ ఎనిమిది నెలలు ఎవరూ తిరిగి ఇవ్వలేరు, అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఇక ఈ దేశానికి కొత్తగా వచ్చేవాళ్లకు ఒకే ఒక్క సలహా. స్కాట్లాండ్ వెళ్లడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు, అయినా అది మీ దగ్గరే ఉండాలి. ఏ అంకుల్ ఎంత ప్రేమగా అన్నం పెట్టినా తినండి, దండం పెట్టండి, పాస్‌పోర్టు మాత్రం ఇవ్వకండి.