కనబడని ఐదో వరుస

ఈ మాట ఇన్నేళ్లుగా నా లోపలే ఉండిపోయింది. మోకాళ్లూనిన ప్రతిసారీ అదే ముందు వస్తుంది. మిగతా ప్రార్థనంతా దాని వెనక ఆగిపోతుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పలేను.

నేను కర్నూలులో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రామర్‌ను. కంప్యూటరు తెర మీద అక్షరాలను, గడులను గీసే కోడ్ రాస్తాను. దాని మీద వేరేవాళ్లు తమ సాఫ్ట్‌వేర్ కట్టుకుంటారు. అప్పట్లో అందులో ఒక లోపం ఉండేది. వరుస ఎత్తు ఇంగ్లీషు అక్షరాల లెక్కన పెట్టడంతో తెలుగు ఒత్తులు కింద తెగిపోయేవి. నేను ఆ ఎత్తు పెంచాను. సరిగా వస్తుందో లేదో చూడటానికి నోటికి అలవాటైన మాటలే టైపు చేశాను: రక్షణ, విశ్వాసం, స్తోత్రం, సాక్ష్యం. నాలుగు వరుసలు. ఒక్క ఒత్తూ తెగలేదు. ప్రభువుకు వందనాలు చెప్పుకుని పంపేశాను.

ఐదో వరుస రాసి చూడలేదు. ఒక్కో వరుస ఎత్తు పెరిగింది కానీ వాటన్నిటినీ పట్టే గడి పాత ఎత్తులోనే ఉండిపోయింది. ఐదో వరుస గడి దాటిపోయి కనబడదు. కింద ఇంకా ఉందని చూపే గుర్తు కూడా రాదు.

ఓర్వకల్లు దగ్గర మా సంఘంలో ఎస్తేరక్క ఉంది. ఊళ్లో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసేది. అక్కడి తెరలు మా కోడ్‌తోనే నడిచేవి. రోగికి పడని మందుల పేర్లు నర్సులకు తెలుగులో కనబడేవి. ఒకరోజు కూలిపనికి పోయే ఒకామెకు పడని మందు ఐదో వరుసలో ఉంది. ఎస్తేరక్క తెర చూసుకునే ఇంజెక్షన్ ఇచ్చింది. రోగికి ఊపిరి ఆగినంత పనైంది. దేవుని దయ, బతికింది.

మరునాడు ఆసుపత్రివాళ్లు ఫోన్ చేసి తెరలో లోపముందేమో చూడమన్నారు. చూశాను. ఐదో వరుస కనబడలేదు. ఉద్యోగం పోతుందని, పోలీసులు వస్తారని, నావల్ల ఒక మనిషి చావబోయిందని సంఘమంతా చెప్పుకుంటుందని భయపడి, ఎవరికీ చెప్పకుండా గడి ఎత్తు సరిచేసి అక్కడి కంప్యూటర్లకు పంపి, ఆ తర్వాతే "అంతా బాగానే ఉంది" అన్నాను. అన్న క్షణానికి అది నిజమే. ఆ నిజాన్ని తయారు చేసింది నేనే. తప్పును సరిచేయడం కూడా పాపమవుతుందా?

ఆ సాయంత్రం ఎస్తేరక్క నన్ను ఆసుపత్రికి పిలిపించింది.

"ఆ వరుస లేదు తమ్ముడూ. నేను సూసినా. నువ్వు ఈ పనే జేస్తాండావు గదా, ఒక్క తూరి నువ్వు సూడప్పా."

ఆ రోగి వివరాలు తెర మీద తెరిచాను. "ఈడనే ఉండాది గదక్కా."

ఆమె వంగి ఆ వరుసను వేలితో తాకింది. "ఉండాదే. మరి నిన్న యాడికి పాయె?"

నేను ఆ వివరాలు మూసేశాను.

"నలభై నిండకనే గుడ్డిదాన్నయితినేమో," అని నవ్వబోయి ఆగింది. "నాదే తప్పులే. నువ్వు అబద్ధం జెప్పవు గదా."

ఆమెను పనిలోంచి తీసేశారు. ఆమె కళ్లద్దాలు పెట్టించుకుంది. ఒక ఆదివారం సాక్ష్యాల వేళ లేచి, తన అజాగ్రత్తతో ఒక ప్రాణం పోబోయిందని, దేవుడు క్షమించాలని అందరి ముందు ఏడ్చింది. సంఘమంతా ఆమెన్ అంది. ఆ ఆమెన్‌లో నా గొంతూ ఉంది.

అబద్ధసాక్ష్యం గురించి చిన్నప్పటి నుంచి బోధ విన్నవాణ్ని. నేను పలికింది అబద్ధమా, కాదా అని ఇన్నేళ్లు తిప్పి తిప్పి చూసుకున్నాను. తప్పించుకునే సందు కోసం వాక్యం చదివేవాడు ఏ దేవుణ్ని వెతుకుతున్నట్టు? ప్రభువు బల్ల దగ్గర రొట్టె చేతికొస్తుంది. పాపం దాచుకుని తీసుకుంటే శిక్ష అని తెలుసు. తీసుకోకపోతే పక్కవాళ్లు ఎందుకని అడుగుతారు. తీసుకుంటాను.

ఎస్తేరక్క ఇప్పుడు అద్దాలు పెట్టుకుని కూడా బైబిలు నాకే అందిస్తుంది. "నువ్వు సదువు తమ్ముడూ. నా కండ్ల మింద నాకు నమ్మకం లేదు." చదువుతాను. ఆమె కళ్లు మూసుకుని వింటుంది.

ఆమెకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందని మాట ఇవ్వలేను.  ఇది రాస్తుంటే మాత్రం ఊపిరి ఆడుతోంది.

ఎస్తేరక్క కళ్లు బాగానే ఉన్నాయి. ఆమె చూసినప్పుడు ఆ వరుస అక్కడ లేదు.